గవులు, మంచుదారులు: అన్వేషణ చరిత్రను ఎలా చదవాలి?

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు
• కర్నూలు ప్రాంతంలో సహజ గుహలు ఎందుకు ఏర్పడ్డాయో, మార్కాపురం వైపు ఎందుకు అరుదో వివరించగలుగుతారు.
• బిల్లసర్గం, బెలుం గుహల అన్వేషణ క్రమాన్ని తెలపగలుగుతారు.
• ఆర్కిటిక్ సముద్ర మార్గాల అన్వేషణతో దానిని పోల్చగలుగుతారు.
• ‘కనుగొనడం’ అనే మాటను చరిత్ర విద్యార్థిగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

“కర్నూలు గుహలను పరిశోధించినది ఎవరు?” అనే ప్రశ్న మీకు ఏదో ఒక పరీక్షలో ఎదురై ఉంటుంది. జవాబు రాబర్ట్ బ్రూస్ ఫుట్. అది రాస్తే మార్కు వస్తుంది. ఆ జవాబు తప్పు కూడా కాదు. కానీ చరిత్ర చదివేవారు అక్కడితో ఆగకూడదు. ఫుట్ రాకముందు ఆ గుహలు ఎవరికి తెలుసు? వాళ్లకు తెలిసినదానికీ ఫుట్ రాసినదానికీ తేడా ఏమిటి? ఆ తేడా వల్ల ఎవరికి ఏం దక్కింది, ఏం పోయింది? ఈ పాఠ్యభాగమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

ఇందుకోసం రెండు రకాల చోట్లను తీసుకుందాం. ఒకటి, మనకు దగ్గరలో ఉన్న సున్నపురాతి గుహలు. రెండోది, మనకు ఎంతో దూరంలో, ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పి ఉండే ఆర్కిటిక్ సముద్రం. పైకి చూస్తే వీటికి పొంతన లేదు. అయితే రెండూ బయటివారికి ‘ఎవరూ అడుగుపెట్టని చోట్లు’గా కనిపించాయి. రెండు చోట్లా స్థానికులు తరతరాలుగా తిరుగుతూనే ఉన్నారు. రెంటినీ 19వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగులు గట్టిగా శోధించారు. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే అన్వేషణ అనే పని ఎలా జరుగుతుందో తేటగా అర్థమవుతుంది.

పశ్చిమ ప్రకాశం విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1858లో కడప జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వెళ్లాయి. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా అక్కడే ఉన్నాయి. ఒంగోలు జిల్లాగా మొదలైన ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి 19వ శతాబ్దపు రికార్డుల్లో ‘కర్నూలు జిల్లా’ అని చదివినప్పుడు, అందులో మీ తాతముత్తాతల ఊళ్లు కూడా ఉన్నాయని తెలుసుకోండి. కర్నూలు గుహల కథ మీకు పరాయిది కాదు.

2. పలకరాయి, సున్నపురాయి

మార్కాపురం పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తొచ్చేది పలక. కొన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దుకున్న పలకరాయి ఇక్కడి గనుల్లోనిది. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొరలుగా పేరుకున్న బంకమట్టి, పై బరువుకూ భూమిలోని ఒత్తిడికీ గట్టిపడి పలకరాయి అయింది. భారత భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి విలియం కింగ్ కడప, కర్నూలు శిలావర్గాల మీద 1872లో పెద్ద నివేదిక ప్రచురించారు. ఈ రాళ్లు నేటికీ భూవిజ్ఞాన గ్రంథాల్లో కంభం పేరుతోనే వ్యవహారంలో ఉన్నాయి.

పలకరాయి పొరలుగా చీలుతుంది కానీ నీటిలో కరగదు. సున్నపురాయి సంగతి వేరు. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి, వేల లక్షల ఏళ్లలో రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పగులు సందవుతుంది, సందు గది అవుతుంది. నల్లమలకు పడమటి వైపున ఉన్న బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో ఇలాంటి సున్నపురాయి విస్తారంగా ఉంది. అందుకే గుహలు అక్కడ ఉన్నాయి. మార్కాపురం వైపు పలకరాయి ఎక్కువ కాబట్టి అలాంటి పెద్ద గుహలు ఏర్పడే వీలు తక్కువ.

మరి మన జిల్లాలోని భైరవకోన మాటేమిటి అని మీరు అడగవచ్చు. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనలో ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు ఉన్నాయి. అవి నీరు తొలిచినవి కావు, శిల్పులు ఉలితో తొలిచినవి. వాటిని కళాచరిత్రలో భాగంగా చదువుతాం. సహజ గుహను, తొలిచిన గుహాలయాన్ని ఒకటిగా కలపకూడదు.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో గుంతకల్లు వైపు వెళ్లే రైలెక్కితే కంభం, గిద్దలూరు దాటాక బండి నల్లమలలోకి ప్రవేశిస్తుంది. సొరంగం దాటి నంద్యాల, పాణ్యం మీదుగా బేతంచెర్ల చేరుతుంది. పలకరాతి నేల నుంచి సున్నపురాతి నేలకు అదే దారి. మన కథ కూడా ఇప్పుడు ఆ దారినే పడుతుంది.

3. బిల్లసర్గం: న్యూబోల్డ్ నుంచి ఫుట్ దాకా

బేతంచెర్ల సమీపంలో బిల్లసర్గం అనే గుహల సముదాయం ఉంది. ‘బిలం’ అంటే గుహ అని మీకు తెలుసు. పేరులోనే ఆ మాట ఉందంటే, ఊరివాళ్లు దాన్ని గుహగా గుర్తించి పేరు పెట్టుకున్నారన్నమాట. ఇంగ్లీషులో దాని గురించి తొలిసారి రాసినవారిలో మద్రాసు సైన్యానికి చెందిన కెప్టెన్ న్యూబోల్డ్ ముఖ్యుడు. గుహల మట్టిలో ఎముకలు ఉన్నాయని ఆయన రాసిన చిన్న వ్యాసం 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ మధ్యకాలంలో యూరపులో పెద్ద మార్పు జరిగింది. ఫ్రాన్సు, ఇంగ్లండు గుహల్లో అంతరించిన జంతువుల ఎముకలతో పాటు మనుషులు చేసిన పనిముట్లు దొరికాయి. మనిషి పుట్టుక ఎంతో ప్రాచీనమైనదని పండితులు ఒప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో బ్రూస్ ఫుట్‌కు పాతరాతియుగపు గొడ్డలి దొరికింది. దాంతో ఇక్కడా ఆ ప్రశ్న మొదలైంది. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు కర్నూలు గుహలను పరిశోధింపజేయమని సూచించారు. ఆ పని భూవిజ్ఞాన సర్వేలో ఉన్న ఫుట్‌కు అప్పగించారు. 1883 నుంచి 1885 మధ్య ఆయన, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు.

ఫుట్ గొప్పతనం గుహను చూడటంలో లేదు. చూసినవాళ్లు ఆయనకు ముందు ఎందరో ఉన్నారు. ఆయన మట్టిని పొరలవారీగా తవ్వించి, ఏ పొరలో ఏది దొరికిందో నమోదు చేశారు. ఆ ఎముకలను రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో నివేదిక ప్రచురించారు. ఖడ్గమృగం, హైనా వంటి జంతువులు ఒకప్పుడు ఈ ప్రాంతంలో తిరిగాయని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఖడ్గమృగాన్ని చూడాలంటే అస్సాం వెళ్లాలి.

ఫుట్‌కు ఒక చిక్కు కూడా ఎదురైంది. మనుషులు చెక్కినట్లు కనిపించిన ఎముక ముక్కలు దొరికాయి కానీ, వాటి పక్కన రాతి పనిముట్లు దొరకలేదు. అందుకని ఆయన వాటిని ఫ్రాన్సులోని మాగ్డలేనియన్ సంస్కృతి ఎముక పనిముట్లతో పోల్చారు. ఈ పోలిక మీద తరువాతి పండితుల్లో చర్చ సాగింది. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ‘ముచ్చట్ల చింతమాను గవి’ అనే గుహలో తవ్వకం జరిపారు. అక్కడ రాతి పనిముట్లు, ఎముక పనిముట్లు, నిప్పు రాజేసిన గుర్తులు దొరికాయి. కాలిన మట్టిని పరీక్షిస్తే అది సుమారు 17,000 ఏళ్ల నాటిదని తేలింది. ఒక అన్వేషకుడు వదిలిన ప్రశ్నకు జవాబు వెతికే దారి తొంభై ఏళ్ల తర్వాత ఇంకో గుహలో తెరుచుకుందన్నమాట. నమోదు సరిగా ఉంటేనే ఇలా జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) మార్కాపురం ప్రాంతంలో సున్నపురాతి గుహల వంటివి ఎందుకు అరుదు?
(ఆ) ఫుట్ తవ్వకాలకు, న్యూబోల్డ్ వ్యాసానికి గల ముఖ్యమైన తేడా ఏమిటి?

4. పేర్లలో దాగిన చరిత్ర

ఇప్పుడు పేర్లను గమనించండి. బిల్లసర్గంలోని గుహలకు ఫుట్ రచనల్లో కనిపించే పేర్లు ఇవి: కెథెడ్రల్, చాప్టర్ హౌస్, పర్గటరీ, చార్నెల్ హౌస్. మొదటి రెండూ క్రైస్తవ ప్రార్థనాలయాలకు సంబంధించినవి. మూడోది మరణానంతరం ఆత్మలు శుద్ధి పొందే చోటును, నాలుగోది ఎముకలను భద్రపరిచే గదిని సూచిస్తాయి. ఇంగ్లండులో పెరిగిన మనిషి ఎత్తయిన రాతి కమానులను చూసినప్పుడు తనకు తెలిసిన చర్చిలే గుర్తుకొచ్చాయి. అందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. కానీ ఆ పేర్లే గ్రంథాల్లోకి ఎక్కాయి. ప్రపంచ పండితలోకం నేటికీ వాటినే వాడుతోంది.

‘చింతమాను గవి’ అనే పేరు దీనికి భిన్నం. అక్కడ చింతచెట్టు ఉందని, అది ఆనవాలని, కాపరులు, రైతులు ఆ గుర్తుతోనే దారి చెప్పుకునేవారని ఆ పేరే మనకు సూచిస్తుంది. పరిశోధకుడు ఊరివాళ్ల పేరును అలాగే ఉంచారు కాబట్టి ఆ కాస్త సమాచారం మనకు మిగిలింది.

మూడో ఉదాహరణ కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు. వీటిని 1884లో ఫుట్ ప్రస్తావించారు. తరువాత సుమారు వందేళ్లు ఎవరూ పూర్తిగా కొలవలేదు. 1982, 1983 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం స్థానికుల సహాయంతో లోపలంతా తిరిగి పటం గీసింది. పొడవు 3,229 మీటర్లని తేలింది. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 1999లో ఆ గుహలను చేపట్టి, దారులు, దీపాలు ఏర్పాటు చేసి, 2002లో సందర్శకులకు తెరిచింది. అక్కడ మీరు చూసే పేర్లు పాతాళగంగ, కోటిలింగాలు, మాయామందిరం, సప్తస్వరాల గుహ. రాతి ఆకారం ఒకటే అయినా, చూసేవారి మనసులో ఏముందో దానికి తగ్గ పేరు పడుతుంది. పేరు పెట్టినవారి లోకం ఆ పేరులో ఉంటుంది. అందుకే స్థలనామం కూడా చరిత్రకు ఒక ఆధారం.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బిల్లసర్గం చూడటానికి ఒక్కణ్ణే వెళ్లాను. దారి తప్పి, గొర్రెలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయనను అడిగాను.

“పెద్దాయనా, ఇక్కడ గుహలు ఎక్కడున్నాయి?”

ఆయనకు అర్థం కాలేదు. కాసేపు నా ముఖం చూసి, “గవులా సార్? అట్ల చెప్పాల గదా!” అన్నాడు.

గొర్రెలను కొడుకుకు అప్పగించి నాతో వచ్చాడు. ఏ గవిలో ఎండాకాలం చల్లగా ఉంటుందో, దేనిలో గబ్బిలాలు ఎక్కువో, దేనిలోకి వానలప్పుడు దిగకూడదో నడుస్తూనే చెప్పాడు. ఆ రోజు నా నోటుపుస్తకంలో గుహల కొలతలు, రాతి రంగు, ఫుట్ చెప్పిన పేర్లు అన్నీ రాసుకున్నాను. ఆయన చెప్పింది ఒక్క ముక్క రాయలేదు. ఆయన పేరు కూడా అడగలేదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తీసి చూసినప్పుడు, న్యూబోల్డ్‌ను, ఫుట్‌ను తప్పుపట్టే అర్హత నాకు లేదని అనిపించింది. స్థానికుల జ్ఞానం ఎలా జారిపోతుందో నాకు తెలిసింది అప్పుడే. ఎవరూ దాన్ని దొంగిలించనక్కర్లేదు. పక్కనే నడిచే మనిషి చెప్పింది రాసుకోకపోతే చాలు.

కర్నూలు ప్రాంత గుహలతో మన జనానికి ఉన్న సంబంధం ఎంత పాతదో చెప్పడానికి ఒక్క సంప్రదాయం చాలు. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని జనం చెప్పుకుంటారు. యాగంటిలో గుహలు నేటికీ పూజలందుకుంటున్నాయి. తపసికి, కాపరికి, భక్తుడికి ఆ గవులు ఏనాడూ ‘అజ్ఞాత ప్రదేశాలు’ కావు.

5. ఆర్కిటిక్ సముద్రంలో ఇదే ప్రశ్న

ఇదే ప్రశ్నను ఇప్పుడు భూగోళం పైకొసకు తీసుకెళ్దాం. అక్కడ స్థానికుల మాటను పట్టించుకోకపోవడానికి చెల్లించిన మూల్యం ఎంతో పెద్దది.

యూరపు నుంచి ఆసియాకు ఉత్తరపు సముద్రం మీదుగా దగ్గరి దారి ఉంటుందని యూరోపియన్లు శతాబ్దాలపాటు వెతికారు. కెనడా దీవుల మధ్యగా వెళ్లేది వాయవ్య మార్గం. రష్యా తీరం వెంట వెళ్లేది ఈశాన్య మార్గం. 1845 మే నెలలో బ్రిటిష్ నౌకాదళాధికారి సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరిబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో వాయవ్య మార్గం కోసం బయలుదేరారు. ఓడలు మంచులో చిక్కుకున్నాయి. 1847 జూన్ 11న ఫ్రాంక్లిన్ మరణించారు. 1848 ఏప్రిల్‌లో మిగిలిన 105 మంది ఓడలు వదిలి కాలినడకన దక్షిణానికి బయలుదేరారు. ఒక్కరూ బతికి ఇల్లు చేరలేదు. మొత్తం 129 మంది చనిపోయారు.

వారిని వెతుకుతూ ఎన్నో బృందాలు వెళ్లాయి. 1854లో హడ్సన్ బే కంపెనీకి చెందిన డాక్టర్ జాన్ రే మాత్రం అక్కడి ఇన్యూట్ ప్రజలను దుబాసీ ద్వారా అడిగి తెలుసుకున్నారు. పడవను ఈడ్చుకుంటూ పోయిన తెల్లవాళ్లను చూశామని, తర్వాత వాళ్ల శవాలు కనిపించాయని, ఆకలికి తాళలేక చివర్లో చనిపోయినవారి మాంసం తిన్న గుర్తులున్నాయని ఇన్యూట్లు చెప్పారు. వాళ్ల దగ్గరున్న ఫ్రాంక్లిన్ బృందపు వస్తువులను కూడా రే కొని తెచ్చారు. ఈ నివేదిక లండన్‌లో పెద్ద దుమారం లేపింది. నవలా రచయిత చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఇన్యూట్ల మాటను నమ్మరాదని వాదించారు. ఇంగ్లీషు నావికులు అలాంటి పని చేసి ఉండరన్నదే ఆ వాదనకు బలం.

కాలం ఇన్యూట్ల పక్షాన తీర్పు చెప్పింది. 20వ శతాబ్దపు చివరలో శాస్త్రవేత్తలు అక్కడ దొరికిన ఎముకలను పరిశీలించి కత్తి గాట్లను గుర్తించారు. ఓడ ఒకటి ఫలానా దిక్కున మునిగిందని ఇన్యూట్ పెద్దలు తరాలుగా చెబుతూ వచ్చిన ప్రాంతంలోనే 2014 సెప్టెంబరులో ఎరిబస్ దొరికింది. 2016లో ఒక ఇన్యూట్ వ్యక్తి ఇచ్చిన సమాచారంతో టెర్రర్ కూడా బయటపడింది. అంటే రాతలో లేని జ్ఞానం 160 ఏళ్లకు పైగా నోటి మాటగా నిలిచి ఉంది. దాన్ని వినే చెవి ఆలస్యంగా వచ్చింది.

అదే సముద్రంలో మరో పద్ధతి కూడా నడిచింది. నార్వే నావికుడు రోల్డ్ అమండ్సన్ 1903లో జోవా అనే చిన్న ఓడతో, ఆరుగురు సహచరులతో బయలుదేరారు. దారిలో రెండు శీతాకాలాలు ఇన్యూట్ల మధ్య గడిపారు. తోలు బట్టలు ఎలా వేసుకోవాలో, కుక్కల బండి ఎలా నడపాలో, మంచులో ఎలా బతకాలో వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. 1906లో వాయవ్య మార్గాన్ని ఓడ మీద పూర్తిగా దాటిన తొలి నాయకుడు ఆయనే. ఆయన ఆగిన రేవుకు తన ఓడ పేరే పెట్టారు. ఇన్యూట్లు ఆ చోటును ఎప్పటినుంచో ఉక్‌సుక్‌తూక్ అంటారు. ‘కొవ్వు సమృద్ధిగా దొరికే చోటు’ అని దాని అర్థం. మన చింతమాను గవిలాగే ఆ పేరు కూడా ఉపయోగపడే సమాచారమే ఇస్తోంది.

ఈశాన్య మార్గాన్ని తొలిసారి పూర్తిగా దాటినది నార్డెన్‌షెల్డ్ నాయకత్వంలోని వేగా ఓడ. 1878లో బయలుదేరిన ఆ ఓడ గమ్యానికి కొద్ది దూరంలో మంచులో చిక్కుకొని పది నెలలు ఆగి, 1879 జులైలో బయటపడింది. ఆ పది నెలలూ తీరంలోని చుక్చీ ప్రజలే వారి ఇరుగుపొరుగు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) జాన్ రే నివేదికను లండన్‌లో ఎందుకు తిరస్కరించారు? తరువాత అది ఎలా రుజువైంది?
(ఆ) ఫ్రాంక్లిన్, అమండ్సన్ యాత్రల మధ్య పద్ధతిలో గల తేడా ఏమిటి?

6. ఈనాటి అన్వేషణ

‘ఇక కనుగొనడానికి ఏం మిగిలింది?’ అనే సందేహం మీకు కలగవచ్చు. దారులు వెతికే కాలం దాదాపు ముగిసింది. ఇప్పటి అన్వేషకులు ఆ చోట్లలో దాగిన పాత వాతావరణ సమాచారాన్ని చదువుతున్నారు.

ఆర్కిటిక్‌లో వేసవి చివర మిగిలే మంచు విస్తీర్ణాన్ని 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. తొలి సంవత్సరాల్లో అది సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షలకు పడిపోయింది. 2017లో ఒక సహజవాయు రవాణా ఓడ మంచుకోత నౌక తోడు లేకుండానే నార్వే నుంచి దక్షిణ కొరియాకు రష్యా తీరం వెంట 19 రోజుల్లో చేరింది. ఫ్రాంక్లిన్ మనుషుల ప్రాణాలు తీసిన మంచు ఇప్పుడు కరిగి దారి ఇస్తోంది. వ్యాపారులకు అది లాభం కావచ్చు. అక్కడి ప్రజలకు వేట, ప్రయాణం, జీవనం తలకిందులవుతున్నాయి.

భారతదేశం 2007లో తొలి శాస్త్రీయ బృందాన్ని ఆర్కిటిక్‌కు పంపింది. 2008 జులైలో నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో ‘హిమాద్రి’ పరిశోధనా కేంద్రాన్ని తెరిచింది. 2013లో ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా పొందింది. 2014లో అక్కడి సముద్రంలో ‘ఇండార్క్’ అనే కొలత పరికరాల వ్యవస్థను దింపింది. 2022లో ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించింది. అక్కడి మార్పులకూ మన రుతుపవనాలకూ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం ఈ పరిశోధనల లక్ష్యాల్లో ఒకటి.

ఇక్కడే మన గవులు మళ్లీ కథలోకి వస్తాయి. గుహ పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారే నీటిలో కరిగిన సున్నం ఉంటుంది. అది నేల మీద పేరుకొని స్తంభంలా పైకి పెరుగుతుంది. దీనినే స్టాలగ్మైట్ అంటారు. చెట్టు మానులో వలయాల్లాగా దీనిలో పొరలు ఉంటాయి. ఆ పొరల రసాయన స్వభావాన్ని పరీక్షిస్తే ఏ కాలంలో వానలు బలంగా ఉన్నాయో, ఎప్పుడు బలహీనపడ్డాయో అంచనా వేయవచ్చు. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ స్టాలగ్మైట్ ఆధారంగా, చివరి మంచుయుగం ముగుస్తున్న కాలంలోని సుమారు వెయ్యేళ్ల రుతుపవన చరిత్రను భారతీయ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. ఉత్తర అట్లాంటిక్ బాగా చల్లబడిన దశల్లో ఆసియా రుతుపవనాలు బలహీనపడ్డాయని పలు దేశాల గుహల రికార్డులు చూపుతున్నాయి. పైకి పొంతన లేని రెండు చోట్లు నిజానికి ఒకే వాతావరణ వ్యవస్థలో భాగాలు.

ఇది పశ్చిమ ప్రకాశం విద్యార్థికి పుస్తక విషయం మాత్రమే కాదు. 1876–78 నాటి ధాత కరువు నాటి కర్నూలు జిల్లాను కుదిపేసింది. ఈనాటికీ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వాన వెనకాడితే బోర్లు ఎండిపోతాయి, ఫ్లోరైడ్ నీరే గతి అవుతుంది. వానల దీర్ఘకాల నడక తెలియడం ఇక్కడ బతుకుకు సంబంధించిన సంగతి. అలాంటి సమాచారం దాచుకున్న స్తంభాన్ని ఎవరో సరదాకు విరిచి ఇంటికి తీసుకెళ్తే, లేక సున్నపురాయి కోసం గుహనే పేల్చేస్తే, వేల ఏళ్ల రికార్డు ఒక్క పూటలో పోతుంది. కాలిపోయిన పుస్తకానికి మరో ప్రతి దొరకవచ్చు. గుహలోని పొరకు మరో ప్రతి ఉండదు.

బిల్లసర్గం కూడా కొత్త ప్రశ్నలకు జవాబులు ఇస్తూనే ఉంది. రవి కొరిశెట్టర్ తదితరుల బృందం జరిపిన కొత్త తవ్వకాల ఆధారంగా 2014లో ఒక పరిశోధన వెలువడింది. సుమారు రెండు లక్షల ఏళ్లుగా, పెద్ద వాతావరణ మార్పులను తట్టుకొని ఇక్కడి క్షీరదాల్లో చాలా జాతులు కొనసాగాయని అది తెలిపింది. ఫుట్ తవ్వని పొరలు కొన్ని మిగిలి ఉన్నందువల్లనే ఈ పని సాధ్యమైంది.

7. మీరు చేయగల పని

స్థానికులు చెప్పినదంతా నిజమని నేను అనడం లేదు. ‘ఆ గవి లోపలి నుంచి శ్రీశైలం దాకా దారి ఉందట’ వంటి మాటలు మీరూ వినే ఉంటారు. వాటిని ఆధారాలతో పరీక్షించాల్సిందే. ఇన్యూట్ల మాటను కూడా ఎముకలతో, ఓడలతో సరిచూశాకే రుజువైందని అన్నాం. అయితే పరీక్షించాలంటే ముందు నమోదు చేయాలి. వినకుండా కొట్టిపారేయడం, పరీక్షించకుండా నమ్మడం రెండూ చరిత్రకారుడికి తగవు.

మీ ప్రాజెక్టు పని కోసం ఈ సూచనలు పాటించండి.
• మీ ఊళ్లో గవి, బండ, చెలమ, పాత బావి, పలక గని వంటి చోటు ఒకటి ఎంచుకోండి. ఊరివాళ్లు దాన్ని పిలిచే పేరును వాళ్లు పలికినట్లే రాయండి.
• ఎవరు చెప్పారు, వారి వయసు, వృత్తి, చెప్పిన తేదీ రాయండి. పేరు రాయడానికి వారి అనుమతి అడగండి.
• చెప్పినది, మీరు చూసినది, మీరు ఊహించినది మూడూ వేరువేరుగా రాయండి.
• ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. ఫోనులో ఆ చోటు అక్షాంశ, రేఖాంశాలు గుర్తించండి.
• తవ్వకండి, విరవకండి, ఏదీ ఇంటికి తేకండి. పాత వస్తువులు కనిపిస్తే పురావస్తు శాఖకు తెలియజేయండి. రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది.
• నల్లమలలో ఎక్కువ భాగం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. అడవి గురించి చెంచు పెద్దలను ఊళ్లోనే కలిసి అడగవచ్చు.

ఈ పనికి డిగ్రీ పట్టా అక్కర్లేదు. ఊరి భాష రావాలి, ఓపిక ఉండాలి. ఈ రెండూ మీ దగ్గర ఉన్నాయి. బయటి నుంచి వచ్చే ఏ పరిశోధకుడికీ మీకున్నంత సులువుగా మీ ఊరి పెద్దల మాట అందదు. ఆ పెద్దలు ఎల్లకాలం ఉండరు కూడా.

8. సారాంశం

గుహలను గానీ, సముద్ర మార్గాలను గానీ మొదట చూసినవారు సాధారణంగా అక్కడ బతికే ప్రజలే. బయటి నుంచి వచ్చిన అన్వేషకుల ముఖ్యమైన కృషి కొలవడం, పోల్చడం, నమోదు చేయడం. న్యూబోల్డ్, ఫుట్, మూర్తి, గెబావర్ ఒకరి రికార్డు మీద ఒకరు పని సాగించగలిగారు. స్థానికుల మాటను వదిలేసినప్పుడు ఆ రికార్డు సగమే అవుతుంది. ఫ్రాంక్లిన్ కథ దీనికి నిదర్శనం. నేటి అన్వేషణకు గుహ పొరలు, ధ్రువ మంచు రెండూ వాతావరణ చరిత్రకు ఆధారాలు. అవి చెడితే తిరిగి రావు. కాబట్టి ఇకమీదట ‘ఎవరు కనుగొన్నారు?’ అనే ప్రశ్న చూసినప్పుడు, జవాబు రాసి, పక్కనే ఇంకో ప్రశ్న వేసుకోండి: ‘వారికి దారి చూపింది ఎవరు?’

9. మాదిరి ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కర్నూలు ప్రాంత గుహల అన్వేషణ చరిత్రను వివరించండి.
2. వాయవ్య మార్గ అన్వేషణలో ఇన్యూట్ ప్రజల పాత్రను చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్థలనామాలు చరిత్రకు ఆధారాలు ఎలా అవుతాయో రెండు ఉదాహరణలతో తెలపండి.
2. స్టాలగ్మైట్ల ద్వారా పూర్వకాలపు వానల గురించి ఎలా తెలుసుకుంటారు?
3. సహజ గుహలకు, గుహాలయాలకు తేడా ఏమిటి?